ఫార్ములా ఫోర్ సీజనప్పా, ఈసారి తారీఖు మారితే ముందే ఒక మాట చెప్పు

ఫార్ములా ఫోర్ సీజనప్పకు,

కడప నుంచి పదో తరగతి పిల్లోడి నాయన రాసుకునే ఉత్తరం ఇది. మేమిక్కడ క్షేమం. కుర్రాళ్ల కార్ల రేసుల సీజన్‌వి నువ్వు, ఎక్కడున్నావో, ఎప్పుడు మొదలవుతావో నీ క్యాలెండర్ చూసినా అర్థం కాదు కాబట్టి ఆ కుశలం అడగడం మానేశాను.

మన పరిచయం 2023 డిసెంబరుది. చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట లైట్ల కింద వీధి రేసు అన్నారు, 9, 10 తారీఖులు అన్నారు. మావోడు క్యాలెండర్లో ఆ రెండు రోజులకీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు, నేను రైలు టికెట్లు తీశాను, మా ఆవిడ పులిహోరకు చింతపండు కూడా తెప్పించింది. సరిగ్గా ఆ వారమే మిచాంగ్ తుఫాను వచ్చి చెన్నైని ముంచేసింది. తుఫానుకు నువ్వేం చేస్తావులే, నిన్నేమీ అనను. కానీ వాయిదా పడిన రేసు మళ్లీ జరిగింది 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తారీఖుల్లో. లెక్కేసుకో, దాదాపు తొమ్మిది నెలలు. మోసి కన్నావప్పా!

నిన్ను అందరూ తొలి మెట్టు అంటారు. గో-కార్టులనే బుల్లి రేసు బండ్లు తోలే పిల్లకాయలు పెద్ద కార్లకు పోవాలంటే మధ్యలో ఒక మెట్టు ఉండాలని 2014లో ప్రపంచ కార్ల రేసుల సంఘం ఎఫ్ఐఏ వాళ్లు నిన్ను కట్టారట. 15 ఏళ్లు నిండితే చాలు, టర్బో ఇంజిన్ కారులో ఒంటరిగా కూర్చోబెట్టి పొమ్మంటావు. మా ఇంట్లో 15 ఏళ్లోడు స్కూటీ తీసుకుని ఏడురోడ్ల దాకా పోతే పోలీసు నన్ను పిలిపిస్తాడు. గేరు లేని చిన్న బండికే 16 నిండాలి, గేరు బండికి 18. మా పిల్లలకు 15 ఏళ్లకు చేతికొచ్చేది ఒక్కటే, పదో తరగతి హాల్ టికెట్.

పోనీ, వయసు సంగతి వదిలేద్దాం. మెట్టు అన్నావు, ఎత్తు చెప్పలేదే? ఆరేడేళ్లప్పుడే కార్టింగ్ మొదలుపెట్టాలంట, టైర్లు, కోచింగ్, ఊర్లు తిరగడం, ఆ తర్వాత నువ్వు. ఐరోపాలో అయితే ఒక్క సీజన్‌కే కోట్లు. ఇక్కడ అంత కాదులే అంటారు, అంత కానిది కూడా మాకు అంతే. పులివెందుల పక్క మాకు రెండెకరాల చీనీ తోట ఉంది. ఒకరోజు అన్నం తినేటప్పుడు మావోడు ఫోన్లో ఏదో లెక్కేసి, "నాయనా, తోట అమ్మితే ఎన్ని రేసులొస్తాయి?" అన్నాడు. మా అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని, "వీనికి దిష్టి తీయండి ముందు" అంది. నవ్వుకున్నాం. కానీ ఆ రాత్రి ఆ లెక్క నేను కూడా వేశాను, అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో కోయంబత్తూరులో కరివర్ధన్ అనే పెద్దాయన మారుతి ఇంజిన్ పెట్టి రేసు కార్లు తయారు చేశాడు, ఇప్పుడు అక్కడి ట్రాక్‌కు ఆయన పేరే. మా పక్కన పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కార్లు మావి, రేసులు మాత్రం వేరే వాళ్లవి. 2024లో నీ రౌండ్లన్నీ చెన్నై, కోయంబత్తూరు చుట్టూనే తిరిగాయి. హైదరాబాద్ పేరుతో టీం పెట్టుకున్నావు, సీమ పేరు పెట్టడానికి నోరు రాలేదా?

సరే, ఆ సెప్టెంబరు ఆదివారం వచ్చాం కదా నీ దగ్గరికి. మూడున్నర కిలోమీటర్ల రోడ్డు, 19 మలుపులు, ఎక్కడా గుంత లేదు, అది చూసే సగం కళ్లు తిరిగాయి. కంచె వెనక నిలబడితే కారు కనపడే ముందే చెవిలో పడుతుంది, తల తిప్పేలోపు పోయుంటుంది, కాలిన రబ్బరు వాసన ఒకటి మిగులుతుంది. మా ఆవిడకు కనిపించిందల్లా డ్రైవర్ తలకు దెబ్బ తగలకుండా అడ్డంగా పెట్టిన ఆ హాలో అనే కమ్మీ, "హవాయి చెప్పు పట్టెలాగా ఉందే" అంది. మావోడు మాత్రం లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో ఒక్కో కారు నంబరు కింద ల్యాప్ టైములు రాసుకుంటూనే ఉన్నాడు. ఆ బుక్కులో ముందు పేజీల్లో ఇన్ని అంకెలు నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో సంగతి. నీ పేరులో ఇండియన్ అని ఉంటుంది. 2023లో చాంపియన్ ఆస్ట్రేలియా కుర్రాడు కూపర్ వెబ్‌స్టర్, 2024లో దక్షిణాఫ్రికా కుర్రాడు అకీల్ అలీభాయ్. కష్టపడి గెలిచారు, కాదనను, కానీ క్రికెట్లో ఆస్ట్రేలియా వాళ్లు పెట్టిన ఏడుపు చాలదా మాకు? పైగా అంతా గెలిస్తే నువ్విచ్చేది 12 పాయింట్లు. అన్నిటికన్నా పై మెట్టయిన ఫార్ములా వన్ (ఎఫ్1) కారు తోలడానికి కావాల్సిన సూపర్ లైసెన్సుకు మూడేళ్లలో 40 కావాలి. పదిలో స్కూల్ ఫస్టు వచ్చినా ఇంటర్ కాలేజీవాడు ఫీజు తగ్గించనట్టే ఉంది నీ వ్యవహారం.

కుక్క మాట కూడా అనాల్సిందే. 2011లో గ్రేటర్ నోయిడాలో ఎఫ్1 మొదటి ప్రాక్టీసుకే ఒక కుక్క ట్రాక్ మీదికొచ్చి ఎర్రజెండా వేయించి కార్లన్నీ ఆపించింది, చెన్నైలో నీ దగ్గరికీ ఒకటి వచ్చింది. కార్టింగ్ లేదు, స్పాన్సర్ లేడు, లైసెన్సు లేదు, చీనీ తోట అమ్మలేదు, నేరుగా ట్రాక్ మీదికి. మావోడు దాన్ని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంతకూ ఉత్తరం ఎందుకంటే, వాడు మళ్లీ టికెట్లు తీయమంటున్నాడు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, అవయ్యాక చూద్దామన్నాను. నువ్వు ఎటూ వాయిదా పడతావని ధైర్యం. పడకపోతే మాత్రం తారీఖు ఖాయమయ్యాక ఒక మాట చెప్పప్పా, రైలు టికెట్ రద్దు చేసుకుంటే చార్జీ కోస్తారు.

ఇట్లు,
కంచె వెనక నిలబడేవాడు, కడప