'వాడికి కాంటాక్ట్స్ ఉన్నాయి రా' అనేది థియరీ అవుద్దా?

బెంగళూరు మారతహళ్లిలో మనోళ్ల పీజీల్లో ఉన్నోళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. రాత్రి డాబా మీద నలుగురం చేరతాం, ఎవడికో ఆఫర్ వచ్చిందని తెలుస్తుంది, వెంటనే ఒకడు "వాడికేంట్రా, కాంటాక్ట్స్ ఉన్నాయి" అంటాడు. రానోడి గురించైతే "పాపం, కాంటాక్ట్స్ లేవు". వచ్చినా రాకపోయినా సమాధానం మాత్రం అదే. నేనూ చాలాకాలం ఇదేదో గొప్ప విశ్లేషణ అనుకున్నా, కానీ ఏం జరిగినా కరెక్టే అయ్యే మాటతో మనకి తెలిసేదేం లేదు.

1973లో గ్రానొవెటర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు ఇదే విషయం రాశాడు, కాకపోతే తప్పని తేలే ఛాన్స్ ఉండేలా రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగం మారినోళ్లని అడిగితే, తెలిసినోళ్ల ద్వారా జాబ్ దొరికిన 54 మందిలో ఆ జాబ్ కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే, ఎప్పుడో ఓసారి కలిసేవాళ్లు 55.6 శాతం, మిగతావాళ్లయితే ఇంకా అరుదు. "ఫ్రెండ్ చెప్పాడా?" అంటే "ఫ్రెండ్ కాదు, జస్ట్ పరిచయం" అనేవాళ్లట. ఎందుకలా అన్నదానికి కూడా కారణం చెప్పాడు: దగ్గరి స్నేహితులు ఒకరికొకరు తెలిసే ఉంటారు కాబట్టి వాళ్ల దగ్గరుండే కబురు మనకి అప్పటికే తెలుసు, ముఖపరిచయం ఉన్నోడు వేరే గుంపులోంచి కొత్త కబురు తెస్తాడు. మా డాబా సంగతి అచ్చం అంతే, నలుగురిదీ ఒకే కాలేజీ, ఒకే వాట్సాప్ గ్రూపు, ఒకడికి తెలిసిన ఓపెనింగ్ మిగతా ముగ్గురూ అప్పటికే అప్లై చేసేసి ఉంటారు.

2022లో లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద చేసిన ప్రయోగాల ఫలితాలొచ్చాయి. పలచటి పరిచయాలే ఎక్కువ పనికొచ్చాయి గానీ మరీ పలచనైతే లాభం తగ్గింది. అంటే థియరీ నిలబడింది, ఓ మూల సవరణ పడింది. కాంటాక్ట్స్ డైలాగుకి ఈ సవరణ ఎక్కడ చేస్తాం చెప్పండి?

బెంగళూరులోనే చివరి రోజులు గడిపిన సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ వాడిన 'ఆధిపత్య కులం' అన్న మాట కూడా ఇలా పాడైందే. మైసూరు దగ్గర రాంపురలో ఉండి చూసి, ఆధిపత్య కులం అనాలంటే జనం సంఖ్య ఉండాలి, భూమి బలం, రాజకీయ బలం ఉండాలి అని షరతులు పెట్టాడు. ఇప్పుడు టీవీ డిబేట్లలో షరతులన్నీ ఎగిరిపోయి తిట్టొక్కటే మిగిలింది.

గ్రానొవెటర్ లెక్కలో బంధం బలమంటే కలిసి గడిపిన టైము, చనువు, అభిమానం, ఒకరికొకరు చేసుకునే సాయం. మరి ఇక్కడ ఇంటిపేరు, జిల్లా అడిగి "ఓ, మనోడే" అని ఎప్పుడూ చూడనోడికి రెఫరల్ పడేస్తారే, అది పలచటి పరిచయమా, గట్టి బంధమా? నాకైతే ఆ థియరీ తడబడేది ఇక్కడే అనిపిస్తుంది, మారతహళ్లిలో ఓ నాలుగు పీజీలు తిరిగి అడిగితే తేలిపోయే ప్రశ్న.