వన్స్‌మోర్ గారికి, ఊపిరాడక వ్రాయునది

మహారాజశ్రీ వన్స్‌మోర్ గారికి,

విశాఖపట్నం నుంచి ఒక ఆర్కెస్ట్రా గాయకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం గురించి నాకు బెంగ లేదు. మొన్న శనివారం కూడా మూడో వరుస ఎడమవైపు కుర్చీలోంచి మీ గొంతు ఖంగున వినిపించింది. నా కుశలమే కొంచెం అటూ ఇటూగా ఉంది. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, వాటితోపాటు షుగరు వచ్చింది. సింహాచలం మెట్లు సగం ఎక్కేలోపు రెండుసార్లు కూర్చుంటున్నాను. ఈ వివరాలన్నీ మీకెందుకంటే, మీరు నన్ను అడిగేది కూడా మెట్లెక్కే పనే. అదీ మధ్యలో కూర్చోకుండా.

మీరు వేరే ఏ పాటకైనా రండి. ఘంటసాల గారి పద్యానికి రండి, జానపదానికి రండి, కావాలంటే మా యాంకరు చెప్పే పాత జోకులకు కూడా రండి. కానీ ‘మాటే రాని చిన్నదాని’ పాట అయిపోయి, కళ్ల ముందు మిణుగురులు ఎగురుతూ, మైకు స్టాండును కర్రలా పట్టుకుని నేను నిలబడి ఉన్నప్పుడు మీరు రావడంలో ఏం న్యాయం ఉందండీ?

పాట సంగతి మీకు నేను చెప్పాలా? అయినా లేఖ అన్నాక అభియోగం స్పష్టంగా ఉండాలి. 1990లో తమిళంలో వచ్చిన ‘కేళడి కణ్మణి’ తెలుగులో ‘ఓ పాప లాలి’ అయింది. ఇళయరాజా సంగీతం. పాడిందీ బాలసుబ్రహ్మణ్యం గారే, తెర మీద హీరోగా నిలబడిందీ ఆయనే. పల్లవి మనుషులు పాడేలాగే ఉంటుంది. చరణం మొదలయ్యాక మాత్రం ఎక్కడా ఊపిరి తీసిన చప్పుడు వినపడదు. మాట తోక పట్టుకుని మరో మాట వస్తూనే ఉంటుంది, గొలుసు తెగదు. ఆ రోజుల్లో కాస్త పాడగలిగిన ప్రతి కుర్రవాడూ ఊపిరి బిగబట్టి ప్రయత్నించాడు. కొందరు ఎర్రబడ్డారు, కొందరు దగ్గుతూ పడిపోయారు. నా ఖర్మ కాలి నాకు కొంత వచ్చింది.

కొంత అంటే ఎంత? పూర్ణా మార్కెట్ దగ్గర ఇనుప సామాన్ల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. సాయంత్రం కొట్టు కట్టేశాక గదిలో టేప్‌రికార్డరు పెట్టుకుని ఆ చరణాన్ని వెనక్కి తిప్పడం, వినడం, మళ్లీ తిప్పడం. క్యాసెట్‌ను తిప్పితిప్పి రీలు బయటికి వచ్చేది. పెన్సిలు దూర్చి లోపలికి చుట్టేవాణ్ణి. నోటుపుస్తకంలో సాహిత్యం రాసుకుని, ఊపిరి తీసుకున్నారని అనుమానం వచ్చిన చోటల్లా చుక్క పెట్టేవాణ్ణి. మర్నాడు మళ్లీ విని చుక్క చెరిపేసేవాణ్ణి. ఆ పేజీ చిరిగిపోయింది కానీ చుక్క ఎక్కడా నిలబడలేదు.

అసలు సంగతి తర్వాత బాలు గారే చెప్పారు. చరణమంతా ఒక్క ఊపిరిలో పాడింది కాదని, రికార్డింగులో చేసిన ఉపాయం అందులో ఉందని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. అంత పెద్ద మనిషికి అది తక్కువతనం అనిపించలేదు. స్టూడియోలో ముక్క ముక్కగా పాడి అతికించడం నేరమూ కాదు. మీరు మాత్రం ఆ మాట వినిపించుకోలేదు. పాడినాయన ఉపాయం అన్నదాన్ని నా దగ్గర మాత్రం నిజంగా జరిపించాలంటారు. అదీ ఒకే రాత్రి రెండుసార్లు! నా పక్కన అతికించేవాడు లేడండీ. ప్యాడ్స్ వాయించే కుర్రవాడు ఉన్నాడు, వాడికి నేను పడిపోతే పట్టుకోవాలని కూడా తోచదు.

సాధన చేయలేదనకండి. వయసులో ఉన్నప్పుడు తెల్లవారుజామున ఆర్.కె. బీచ్‌కి వెళ్లి ఇసుకలో నిలబడి ఊపిరి బిగబట్టి కెరటాలు లెక్కపెట్టేవాణ్ణి. ఈ ఊళ్లో ఊపిరి బిగబట్టడంలో నాతో పోటీపడగలిగింది అదే ఒడ్డున ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ఒక్కటే. అది 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు నీళ్లలో మునిగి తేలి, 2001లో గౌరవంగా విశ్రాంతి తీసుకుంది. ఇప్పుడు జనం టిక్కెట్టు కొని వచ్చి దాని కడుపులో నడుస్తున్నారు. నా సర్వీసూ 31 దాటింది. ఆ మ్యూజియం మెట్ల మీద నిలబడి దాన్ని ఎవరూ ‘ఇంకొక్కసారి మునుగు’ అని అడగరు కదా!

మీ వంశం గొప్పదని నాకు తెలుసు. మీరు సినిమా పాటలతో పుట్టినవారు కారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడిన కాలంలోనే మీరు పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో ముందు వరుసలో కూర్చున్నారు. రాయబారంలో కృష్ణుడు ‘జెండాపై కపిరాజు’ అందుకుని పద్యం చివర రాగం తీస్తుంటే, హార్మోనియం ఆయన వెనకాలే పరుగెడుతుంటే, ఆ రాగం తెగకముందే మీరు లేచేవారట. చచ్చిపడిన పాత్ర మీ కోసం లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపడిన కథలు మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. ఇప్పుడు నేను నవ్వడం లేదు. ఆ పాత్రధారికి రెండో చావుకు అదనపు పారితోషికం ఇచ్చారా, అదొక్కటే అడగాలనుంది.

మా తిరుగుడు సంగతి కూడా వినండి. మా క్యాలెండరులో నెలల పేర్లు ఉండవు, దేవుళ్ల పేర్లే ఉంటాయి. వినాయక నవరాత్రులు, దసరా, ఆ వెంటనే విజయనగరంలో పైడితల్లి పండుగ, మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి, ఉగాది ముందు అనకాపల్లి నూకాలమ్మ. మెటాడోరు వ్యానులో ముందు సీటు కీబోర్డుది, ఎందుకంటే దాని వాయిదాలు ఇంకా తీరలేదు. వెనక స్పీకరు పెట్టెల మీద మనుషులం. గాయని పక్కన చీర నలగకూడదని ఒక ఖాళీ పెట్టె. ఇచ్ఛాపురం నుంచి తుని దాకా ఏ ఊళ్లో ఏ హోటలు రాత్రి ఎన్నింటికి మూస్తారో మాకు కంఠతా వచ్చు. ఒక ఊరి కమిటీ వారు పారితోషికంలో సగం డబ్బుగానూ సగం జీడిపప్పుగానూ ఇచ్చారు. ఆ నెల ఇంటి అద్దె సగమే కట్టాను. ఇంటాయన జీడిపప్పు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో తెల్లవారుజామున ఆనందపురం దగ్గర ఆగేవాళ్లం. పూల మార్కెట్టుకు గోనెలు దిగుతుంటాయి, బంతిపూల వాసన టీలో కూడా వస్తుంది. మొహాన రంగు కడుక్కోని గాయకుడు, నిద్రకళ్ల తబలా ఆయన, పూల గోనె మీద కూర్చున్న రైతు, ముగ్గురమూ ఒకే బల్ల మీద. మీరు అక్కడికి ఎప్పుడూ రాలేదు. అందుకే అక్కడి టీ అంత బాగుండేదేమో.

బొబ్బిలి దాటాక ఒక ఊళ్లో ఏం జరిగిందో మీకు గుర్తుండకపోవచ్చు, నాకు మరపు రాదు. రెండు ట్రాక్టరు తొట్లు కలిపి వేదిక కట్టారు. రెండో చరణం మధ్యలో ఉన్నాను. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఇంకో నాలుగు మాటలు గట్టెక్కితే బతికినట్టే. సరిగ్గా అప్పుడు నాకంటే ముందు జనరేటరుకు ఊపిరి ఆగిపోయింది. చీకటి! జన్మలో అంత తీయని చీకటి నేను చూడలేదు. తొట్టి అంచున కూర్చుని కడుపునిండా గాలి పీల్చుకున్నాను. ఎవరో డీజిల్ తెచ్చారు, ఎవరో తాడు లాగారు, దీపాలు వెలిగాయి. నేను ఆగిన చోట అందుకోబోతుంటే మీరు లేచారు. మొదటి నుంచి పాడాలట. సగం పాడిన పాటకు కూడా మీరు వస్తారని ఆ రాత్రే తెలిసింది.

సముద్రపు ఒడ్డున వేదిక వేస్తే ఇంకో చిక్కు. ఉప్పుగాలికి తబలా చర్మం మెత్తబడి శ్రుతి దిగిపోతుంది. మా తబలా ఆయన పాటకూ పాటకూ మధ్య చిన్న సుత్తితో చుట్టూ టకటక కొట్టి మళ్లీ ఎక్కించుకుంటాడు. అదే గాలికి నా గొంతూ దిగుతుంది. దానికి సుత్తి లేదు.

ఇక నా నేరం ఒప్పుకుంటాను. చరణంలో మూడుచోట్ల దొంగ ఊపిర్లు దాచుకున్నాను. మొదటిది ప్యాడ్స్ కుర్రవాడు దడదడమని వాయించినప్పుడు. రెండోది మైకును ఎడమ చేతిలోంచి కుడి చేతికి మార్చుకునేటప్పుడు. మూడోది భావావేశం పట్టలేక తల వెనక్కి తిప్పుకున్నట్టు నటించినప్పుడు. చప్పట్లు ఎక్కువ ఆ మూడోదానికే. ముప్పై ఏళ్లు ఇలాగే నడిచింది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది, ప్రతి ఫోనులో దగ్గరగా లాగి చూసే కన్ను ఉంది. ఆడిటరు రసీదులు చూసినట్టు నా ఛాతీని చూస్తున్నారు. పైగా చదివింపులు. ‘ఫలానా వీధి ఫలానా వారు ఈ పాట మళ్లీ పాడవలసిందిగా కోరుతూ నూట పదహార్లు’ అని యాంకరు చదువుతాడు. నూట పదహార్లకు నాలుగు నిమిషాల ప్రాణం. ఇనుప సామాన్ల కొట్టులో కూడా ఇంత చవక బేరం నేను రాయలేదు.

మీరు లేని రోజు కూడా ఒకటి చూశాను. 2020 సెప్టెంబరు 25. కరోనా వల్ల అప్పటికి ఆరు నెలలుగా వ్యాను కదలలేదు. స్పీకరు పెట్టెల మీద మా ఆవిడ వడియాలు ఎండబెట్టేది. బాలు గారు పోయారని మధ్యాహ్నం తెలిసింది. సాయంత్రం డాబా మీదికి వెళ్లి ఆ పాటే పాడాను. ఎక్కడ ఊపిరి కావాలంటే అక్కడ తీసుకున్నాను, దాచకుండా, చప్పుడు చేస్తూ. ఏడుచోట్లో ఎనిమిదిచోట్లో. పాట అయిపోయింది. కాసేపు అక్కడే నిలబడ్డాను. పక్క డాబా మీద బట్టలు తీస్తున్నావిడ లోపలికి వెళ్లిపోయింది. మీరు రాలేదు.

ఈ లేఖ రాయడానికి అసలు కారణం మొన్నటి అనకాపల్లి కార్యక్రమం. పాట రెండుసార్లూ పాడి, వేదిక వెనక కుర్చీలో కూలబడి సోడా తాగుతున్నాను. పంచె కట్టుకున్న ఒక ముసలాయన కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. ఎనభై దాటి ఉంటాయి. పక్కన నిలబడి నా చెవిలో, “బాబూ, మూడోచోట తల తిప్పినప్పుడు తీశావు కదూ?” అన్నాడు.

సోడా పొలమారింది. కాదనడానికి ఊపిరి కూడా లేదు.

“కంగారుపడకు. నేను పాతికేళ్లు కృష్ణుడి వేషం కట్టాను. మేం కిరీటం సర్దుకునేటప్పుడు తీసేవాళ్లం” అన్నాడు.

“మరి ఇందాక ముందు వరుసలోంచి వన్స్‌మోర్ అని అరిచింది ఎవరండీ?”

“నేనే.”

“తెలిసి కూడానా?”

“మొదటిసారి రెండుచోట్లే పట్టుకున్నాను. మూడోది ఎక్కడా అని.”

మీ మీద పెట్టదలచుకున్న కేసు అక్కడితో బలహీనపడింది. అయినా పూర్తిగా వదులుకోలేదు. వచ్చే శనివారం తగరపువలసలో పాడుతున్నాం. మీరు ఎలాగూ వస్తారు, ఆ ముసలాయన్ని కూడా తీసుకురండి, మా వ్యానులో చోటుంది. కిరీటం పెట్టుకుంటే ఈ కాలంలో నవ్వుతారని కొత్తగా ఒక పట్టు శాలువా కొన్నాను. చాలా నున్నటి బట్ట. భుజం మీద అస్సలు నిలవదు, పాట మధ్యలో ఎన్నిసార్లు సర్దుకోవాలో పాపం!

ఇట్లు,
మీ విధేయుడు,
పల్లవి దాకా క్షేమంగా ఉన్న ఒక గాయకుడు,
విశాఖపట్నం