ఉడుత తుపాకీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 32 క్యాలిబర్ ఉడుత తుపాకీ గారి దివ్యసముఖానికి,

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సిన్సినాటికి కాస్త ఎడంగా, ఉడుతల వేట కోసం తమరు తయారవుతున్న షెడ్డుకు పక్కింట్లో కాపురం ఉంటున్న తెలుగువాడు వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మాత్రం ఇంకా ముక్కలు ముక్కలుగా బల్ల మీద పడి ఉన్నారు కనుక తమరి క్షేమం అడగడం మర్యాద అనిపించుకోదు.

ముందు తమరి వయసు సంగతి తేల్చుకుందాం. తమరి కర్ర దిమ్మకు నూనె పట్టించింది పోయిన చలికాలంలో. గొట్టానికి రంగు వచ్చింది ఈ వేసవిలో. సుత్తికి ఇంకా కుదురు రాలేదు. అయినా 1968 నాటి అమెరికా తుపాకుల చట్టం దృష్టిలో తమరు పురాతన వస్తువు. 1898 వరకు తయారైనవన్నీ పురాతనమే. వాటిని చూసి చేసిన నకళ్లలో చాలావరకు పురాతనమే. మూతి నుంచి నల్ల తుపాకీ మందు కూరి కాల్చేదై, ఇప్పటి తూటా పెట్టడానికి వీలు లేకపోతే నిన్న సాయంత్రం పుట్టినా పురాతనమే. పుట్టకముందే వృద్ధాప్య పింఛను మంజూరైన వారిని తమరినే చూశాను. కొన్ని రాష్ట్రాలు ఈ లెక్కకు ఒప్పుకోవు, వాటి గొడవ వాటిది.

ఈ ముచ్చట ఫోనులో మా నాన్నగారికి చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "పోలీసులకు తెలుసా?" అని. ఆయన భయం ఆయనది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం తమరి జాతిని మరిచిపోలేదు. పంట కాపాడుకోవలసిన రైతు మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగవచ్చని అందులో ఉంది. లైసెన్సు లేకుండా ఇలా షెడ్డులో కూర్చుని తయారు చేస్తే మాత్రం, పురాతనం అంటే ఏమిటో జైల్లో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. తమరి పేరు చెబితే ఇక్కడ అందరూ పొదుపు గురించి మాట్లాడతారు. "అన్నీ పారేసిన సామాన్లే, ఖర్చేముంది?" అని తమరిని తయారు చేస్తున్న మా పక్కింటి పెద్దాయన రోజూ అంటారు. యంత్రాల ఫ్యాక్టరీలో పని చేసి రిటైరైన మనిషి, చేతిలో పనితనం ఉన్నవాడు. ఒక ఆదివారం సంతలో ఆయనకు ఓ డబ్బా అడుగున తుపాకీని పేల్చే పాత లాక్ ఒకటి దొరికింది: ఒక పలక, దానికి సుత్తి, వెనక స్ప్రింగులు. అంతే. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్న సామెత నేను చిన్నప్పుడు విన్నాను గానీ, గుర్రాన్ని కాలొక చోట, తోకొక చోట కొనడం ఇప్పుడే చూస్తున్నాను.

ఈ సామాన్లు ఎక్కడి నుంచి ఊడిపడతాయో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండాయి. ఆ ఊపులో జనం తమరి పూర్వీకుల మీద మనసు పడి, విడిభాగాల పెట్టెలు కొనుక్కుని, ఇంట్లో కూర్చుని స్వయంగా బిగించుకుందామనుకున్నారు. చాలామంది దిమ్మను సగం చెక్కాక భోజనానికి లేచారు. ఆ భోజనం ఇంకా పూర్తికాలేదు. ఆ పెట్టెలనే ఇప్పుడు పిల్లలు అటకలు దించి సంతల్లో అమ్ముతున్నారు.

అలా తమరి దిమ్మ ఒక పెట్టెలోది, లాక్ ఇంకో పెట్టెలోది. దిమ్మలో లాక్ కోసం తవ్విన గుంట ఉంది, కానీ అది ఈ లాక్ కోసం తవ్వినది కాదు. ముందు వైపు వేలు పట్టేంత సందు, వెనక వైపు గోరు పట్టేంత ఇరుకు. ఆ సందును రంపపు పొట్టు కలిపిన జిగురుతో పూడ్చారు. "పాత కాలంలో ఇలా చేసేవారా?" అని అడిగాను. "ఈ జిగురు దొరికి ఉంటే వాళ్లూ వాడేవాళ్లే" అన్నారు. ఇక ఇరుకు వైపు పనికి నన్ను టార్చిలైటు పట్టుకోమన్నారు. లాక్ పలక వెనక దీపపు మసి పూస్తారు. గుంటలో పెట్టి నొక్కి, తీస్తారు. కర్ర మీద నల్లగా అంటిన చోటే అడ్డం ఉన్నట్టు. అక్కడ ఉలితో ఉల్లిపొర మందాన గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ నొక్కడం, మళ్లీ గీకడం. ఆ పొర కింద పడి సన్నగా చుట్టుకుంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. ఒక సాయంత్రమంతా చేస్తే పలక ఎంత లోపలికి దిగిందో చూడటానికి కళ్లద్దాలు కావలసి వచ్చింది. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు. ఇంత చేశాక సుత్తి దించి చూస్తే, అది నిప్పుల్ మీద కాకుండా దాని పక్కన గాలి మీద పడింది.

నిప్పుల్ కథ వేరే. సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీని క్యాపు అంటారు. అది తొడిగే చిన్న ముక్కే నిప్పుల్, దానికి మర ఉంటుంది. అమెరికాలో చేసిన వాటికి అంగుళాల లెక్క, స్పెయిన్, ఇటలీల నుంచి దిగినవాటికి మిల్లీమీటర్ల లెక్క. రెండూ చూడటానికి కవల పిల్లలు. రెండు చుట్లు తిరిగేదాకా ప్రేమగానే తిరుగుతాయి, మూడో చుట్టులో బిగుసుకుంటాయి. తమరిలో ఈ రెండు వంశాల రక్తమూ ఉంది కనుక, సరైన ముక్క కోసం కొత్తది తెప్పించారు. పారేసిన సామాన్ల జాబితాలో అది మొదటి కొత్త వస్తువు.

రెండోది గొట్టం. ఇక్కడే తమరి పొదుపు కథకు చిల్లు పడుతుంది, అది కూడా సన్నని చిల్లు. అప్పలేచియన్ కొండల్లోని పేద తుపాకీ పనివాళ్లు పాత సామాన్లను నిజంగానే వదిలిపెట్టేవారు కాదు. విరిగిన తుపాకీ లాక్ తీసి ఇంకోదానికి పెట్టేవారు. ఇత్తడి కొనలేక ఇనుముతోనే సరిపెట్టేవారు. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు అరిగిపోతే వాటిని మళ్లీ కోసేవారు. అలా కోసిన ప్రతిసారీ రంధ్రం కాస్త పెద్దదయ్యేది, దానికి తగ్గట్టు గుండు పోసే అచ్చూ పెద్దది చేయవలసి వచ్చేది. అంటే ముసలితనం వచ్చేకొద్దీ గొట్టం నోరు పెద్దదవుతుంది తప్ప చిన్నదవదు. మరి పాత గొట్టంతో చిన్న క్యాలిబర్ తుపాకీ, అంటే సన్నని రంధ్రమున్న తుపాకీ, ఎలా చేస్తారు? చేయలేరు. తమరికి దొరికిన 45 క్యాలిబర్ గొట్టం లోపలంతా మశూచి మచ్చలు. కనుక దాన్ని తొలిపించి, లోపల ఇంకో కొత్త ఉక్కు గొట్టం దించారు. పాత గొట్టం ఇప్పుడు కొత్త గొట్టానికి చొక్కా. గుండుకు తగిలేది కొత్తదే, ఖరీదూ దానిదే, పేరు మాత్రం పాతదానికి.

ఆ చొక్కా గురించి ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దాని మీది తుప్పు వదిలించడానికి పెద్దాయన వారాల తరబడి రుద్దారు. చివరికి అద్దంలా మెరిసింది. మెరిశాక ఏం చేశారు? ఏదో ద్రావణం పూసి, తేమ ఉన్న పెట్టెలో పెట్టి, మళ్లీ తుప్పు పట్టించారు! పైకి వచ్చిన తుప్పును తోమేయడం, ఇంకో పూత పూయడం, ఇంకోసారి తుప్పు పట్టించడం. అలా వచ్చే గోధుమ రంగే తమరి జాతికి అందమట. ముందున్న తుప్పు ఏం పాపం చేసిందని అడిగాను. "అది దానంతట అది వచ్చింది, ఇది నేను రప్పించాను" అన్నారు. ప్రభుత్వాలు పాత పథకాన్ని రద్దు చేసి అదే పథకాన్ని కొత్తగా ప్రారంభించేటప్పుడు ఇంత నిజాయితీగా చెప్పవు.

వంశగౌరవం గురించి తమరు గొప్పలు పోతే వింటాను. పెన్సిల్వేనియాలోని లంకాస్టర్ ప్రాంతపు జర్మన్ పనివాళ్ల చేతుల్లో రూపు దిద్దుకున్న పొడుగాటి తుపాకుల కుటుంబం తమరిది. ఇదే ఒహాయోలో 1807లో ఉడుతలు మొక్కజొన్న చేలను తినేస్తున్నాయని, జనం ఉడుతల నెత్తి చర్మాలు తెచ్చి లెక్క అప్పజెప్పాలని చట్టమే చేశారు. ఆ రోజుల్లో తమరికి చేతినిండా పని. అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న 1862 సెప్టెంబరులో దక్షిణాది సైన్యం సిన్సినాటి మీదికి వస్తోందని గవర్నరు డేవిడ్ టాడ్ పిలుపునిస్తే, 15,000 మందికి పైగా పల్లె జనం ఇళ్లలోని పాత తుపాకులు భుజాన వేసుకుని రైళ్లెక్కి వచ్చారు. వారికి ఉడుత వేటగాళ్లనే పేరు నిలిచింది. శత్రువు దూరం నుంచి చూసి వెనక్కి తిరిగాడు. చెప్పుకోదగ్గ యుద్ధమే జరగలేదు, తరువాత అందరికీ సర్టిఫికెట్లు మాత్రం వచ్చాయి. తమరి వంశంలో నాకు నచ్చిన ఘట్టం ఇదొక్కటే. కాల్చకుండా గెలిచారు.

ఇప్పుడు తమరి పని ఏమిటో చూద్దాం. తమరి పొడవు దాదాపు నా భుజం వరకు వస్తుంది. తమరు విసిరే సీసపు గుండు బరువు మూడు గ్రాములకు కాస్త తక్కువ. ఒక పౌను సీసంతో నూట యాభై పైచిలుకు గుండ్లు పోసుకోవచ్చని పెద్దాయన లెక్క చెప్పి, పాత ఇంటి కప్పు మీది సీసం కరిగించి ఓ డబ్బా నింపి పెట్టారు. ఒక్కసారి కాల్చాలంటే మందు కొలవాలి, పోయాలి, నూనె గుడ్డ పరవాలి, గుండు పెట్టాలి, పొడుగాటి కడ్డీతో దట్టించాలి, క్యాపు తొడగాలి. ఆ నల్ల తుపాకీ మందులో సగానికి పైగా మసిగానే మిగులుతుంది. తమరిది సన్నని గొంతు కనుక నాలుగు గుండ్లకే పూడుకుపోతుంది. అప్పుడు తడిగుడ్డతో గొంతు తుడవాలి. సాయంత్రం సబ్బునీళ్లతో స్నానం, ఆపైన నూనె. లేకపోతే తుప్పు పడుతుంది, అదీ పిలవని తుప్పు. ఈ తతంగమంతా లేకుండా పని జరిపించే 22 లాంగ్ రైఫిల్ తూటా 1887లోనే వచ్చేసిందని తమరికి ఎవరైనా చెప్పారో లేదో.

ఇంతకీ లక్ష్యం ఉడుత. మా వైపు ఉడుతంటే వారధి కట్టేటప్పుడు ఇసుక మోసి, రాముడి వేళ్ల గుర్తులు వీపున మూడు చారలుగా దక్కించుకున్న భక్తురాలు. ఇక్కడి ఉడుతలు బూడిద రంగువి, లావుగా ఉంటాయి, వీపు మీద ఒక్క చారా లేదు. రాముడు ఇటు రాలేదు కనుక వీటికి రక్షణా లేదు. అయినా తమరి వల్ల వీటికి వచ్చిన ప్రమాదం ఏమీ కనబడటం లేదు. తమరు తయారవుతున్న షెడ్డు చూరులోనే ఓ జంట గూడు పెట్టింది. అందులోని పిల్లలు కళ్లు తెరిచి, పెరిగి, పెద్దవై, తమరి దిమ్మకు పూసిన నూనె వాసన చూసి పోతున్నాయి. తమరు పూర్తయ్యేలోగా వాటికి మనవలు కలుగుతారు.

తమరికి నా విన్నపాలు రెండే. పెద్దాయన తమరిని సెప్టెంబరులో ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ పల్లెలో తమరి జాతి తుపాకులకు జరిగే జాతీయ పోటీలకు తీసుకువెళ్లాలని ఆశపడుతున్నారు. ఏ సంవత్సరపు సెప్టెంబరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. వెళ్లిన రోజున కనీసం మొదటి గుండు బోర్డుకు తగిలేలా చూడండి, బొమ్మకు తగలకపోయినా ఫరవాలేదు. రెండోది, "దీనికి ఎంత అయింది?" అని ఆ ఇంటి పెద్దమ్మగారు అడిగినప్పుడు నన్ను సాక్ష్యానికి పిలిపించకండి. రసీదులు ఏ డబ్బాలో ఉన్నాయో నాకు తెలుసు.

ఇట్లు,
టార్చిలైటు పట్టే పక్కింటివాడు

తా.క.: ఈ ఉత్తరం అంటించబోతుండగా పెద్దాయన సంత నుంచి వచ్చారు. ఇంకో లాక్ చవగ్గా దొరికిందట, తమరికి తమ్ముణ్ణి చేస్తారట. అది ఎడమచేతి వాటానిది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరికీ లేదు.