చురుకైన కార్డు, మొద్దు వేలు

ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రేషన్ కార్డు స్మార్ట్ అయింది. ఏటీఎం కార్డంత ఒడుపైన ఆకారం, దాని మీద క్యూఆర్ కోడ్. కార్డు మీద ఇచ్చే బియ్యం మాత్రం పాత బియ్యమే. వాటికింకా ఆ విశేషణం ఎవరూ తగిలించలేదు. ఆ కార్డు చూసినప్పటినుంచి ఈ 'స్మార్ట్' అనే మాట నన్ను వదలడం లేదు.

పుట్టుకలో ఈ మాటకు తెలివితో సంబంధం లేదు, నొప్పితోనే. పాత ఇంగ్లీషులో అది పుండు మీద కారం పడితే కలిగే మంట వంటిది. మంట పుట్టించేది పదునని, పదునైనది వేగమని, వేగమైనది తెలివని శతాబ్దాల మీద అర్థం జరుగుతూ వచ్చింది. మనం నవ్వడానికి వీల్లేదు, మన 'చురుకు'లోనూ మంటా తెలివీ ఒకే కాపురం చేస్తున్నాయి: ఎండ చురుక్కుమంటుంది, పిల్లవాడు చురుగ్గా ఉంటాడు, మాట వినకపోతే అట్లకాడతో చురక పెడతారు.

ఇంగ్లండులో స్మార్ట్ అంటే ముఖ్యంగా బట్టల తీరు, అమెరికాలో బుర్ర. మన పెళ్లిసంబంధాల్లో "అబ్బాయి స్మార్ట్‌గా ఉంటాడు" అంటే తలమీద జుట్టుందని భావం. తల లోపలి సంగతి విడిగా విచారించుకోవాలి. ముందు 'ఓవర్' చేరితే అదే తిట్టు. వియత్నాం యుద్ధంలో లేజరు కాంతిని పట్టుకుని లక్ష్యం మీదికి దిగిన బాంబుకూ ఈ బిరుదే దక్కింది. కింద ఉన్నవారికి మాత్రం పాత అర్థమే వర్తించింది. తర్వాత ఫోను, టీవీ, కరెంటు మీటరు వరుసగా తెలివిమీరాయి. 2015లో మొదలైన పథకంలో వంద నగరాలకు ఈ పట్టం కట్టారు, విశాఖ, కాకినాడ, తిరుపతి, వరంగల్, కరీంనగర్‌లతో సహా. 2025 మార్చి 31తో పథకం ముగిసింది. వాన వెలిశాక రోడ్డేదో కాలువేదో పోల్చుకునే తెలివిని మాత్రం నడిచేవాడికే వదిలిపెట్టారు.

ఇక మా వీధి చివరి రేషన్ డిపోకు వద్దాం. డెబ్బై దాటిన మామ్మ ఒకామె స్మార్ట్ కార్డు చాచింది. యంత్రం కార్డును క్షణంలో గుర్తుపట్టింది, మామ్మను గుర్తుపట్టలేదు. బొటనవేలు పడలేదు. కొంగుతో తుడిచి పెట్టింది, పడలేదు. కుళాయి కింద కడిగి పెట్టింది. ఎవరో కొబ్బరినూనె సీసా అందించారు. వరుసలో ఉన్నవారంతా వెంటనే వేలిముద్రల శాస్త్రంలో పండితులైపోయారు: గట్టిగా నొక్కమని ఒకరు, ఆనీ ఆనకుండా పెట్టమని ఒకరు, తమ ఇంటావిడకు ఎడమచేయే పడుతుందని మరొకాయన. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చివరికి చిటికెనవేలు కూడా, హాజరు పిలిస్తే లేచి నిలబడే పిల్లల్లా వరుసగా యంత్రం ముందుకొచ్చి, గైర్హాజరు వేయించుకుని వెనక్కి వెళ్లాయి.

"నీ వేళ్లే బాగాలేవు మామ్మా," అని డీలరు తీర్పిచ్చాడు.

బాగాలేవా? జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, మిరపకాయలు కోసి, ఊరందరి అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లవి! ఆ గీతలు అరిగాయి కాబట్టే ఎవరి పొలంలోనో వరి పండింది. ఆ వరిలోంచి నెలకు ఐదు కిలోలు ఆమెకు పెట్టడానికి, పోయిన గీతలను మళ్లీ తెచ్చి చూపించమంటున్నారు. కష్టపడిన చేతిని పోల్చుకోలేని యంత్రం స్మార్ట్ అట, ఆ చెయ్యి మొద్దట! ఇలా పేరు పెట్టినవాడికి సిగ్గుండాలి. వేలు పడనివారికి వేరే దారి చూపాలని నిబంధనలే చెబుతాయి. ఆ పూట డిపోలో ఆ మాట ఎత్తినవాడు లేడు, వరుసలో సంచి పట్టుకుని నిలబడ్డ నాతో సహా.

పదో వేలు కూడా అయిపోయాక మామ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, బొటనవేలి మీద ఉఫ్ఫుమని ఊదుకుంది.

"రుద్ది రుద్ది చురుక్కుమంటోంది నాయనా," అంది.