రెండో కుర్చీని ఖాళీగా ఉంచే పాలకులు

అరబ్ దేశాల్లో ఎక్కడ జనం రోడ్డెక్కినా ఆ రాత్రి రాయచోటి, రాజంపేట, కడప ఇళ్లలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కువైట్‌లోనో సౌదీలోనో ఇంటి మనిషి ఉన్నవాళ్లకు అది విదేశీ వార్త కాదు. టీవీల్లో మాత్రం పాలకుడు పడిపోతాడా, నిలబడతాడా అన్న ఒక్క ప్రశ్నే తిరుగుతూ ఉంటుంది. పడిపోయాక ఏమవుతుందో తెలియాలంటే ఇంకో మూడు సంగతులు చూడాలి. పాలకుడు దిగిపోయాడన్న ప్రకటన చదివింది ఎవరు? రాజ్యాంగంలో ఏ అధికరణం పేరు చెప్పి చదివారు? ఆ గంటలో రాజధానిలోని ట్యాంకులు ఎవరి మాట వింటున్నాయి?

ఈజిప్టు సంగతి వివరంగా చూడాలి. 1981 అక్టోబరు 6న సైనిక కవాతులో అధ్యక్షుడు అన్వర్ సాదత్‌ను కాల్చి చంపినప్పుడు ఉపాధ్యక్షుడు హోస్నీ ముబారక్. ఎనిమిది రోజుల్లో అధ్యక్షుడయ్యాడు. రెండో కుర్చీకీ మొదటి కుర్చీకీ మధ్య ఎంత దూరమో అనుభవంతో తెలిసినవాడు కాబట్టి, ఆ తర్వాత 29 ఏళ్లకు పైగా ఆ రెండో కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టలేదు. ఇందులో లెక్క ఉంది. వారసుడి పేరు బయటపెట్టిన మర్నాటి నుంచే మంత్రులూ, జనరళ్లూ, కాంట్రాక్టర్లూ ఆ కొత్త గడప తొక్కడం మొదలుపెడతారు. పేరు చెప్పకపోతే, ఏమో తనకే దక్కుతుందేమోనని ప్రతివాడూ ఒదిగి ఉంటాడు. నియంత బలంగా ఉన్నంతకాలం ఆ ఖాళీయే అతనికి కవచం.

కానీ వయసు ఆగదు. 2002లో చిన్న కొడుకు గమాల్‌ను పాలక పార్టీ విధానాల విభాగానికి అధిపతిని చేశారు. గమాల్ బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినవాడు, సైన్యం నుంచి ఎదిగినవాడు కాదు. 1952 నుంచి అప్పటిదాకా ఈజిప్టును ఏలిన ప్రతి అధ్యక్షుడూ సైనికాధికారే. పైగా అక్కడి సైన్యానికి సొంత ఫ్యాక్టరీలున్నాయి, భూములున్నాయి, కాంట్రాక్టులున్నాయి. కొడుకు చుట్టూ చేరిన పారిశ్రామికవేత్తలు వాటి జోలికి వస్తారన్న భయం జనరళ్లది. 2005 పార్లమెంటు ఎన్నికల్లో 88 సీట్లు గెలిచిన ప్రతిపక్షం ముస్లిం బ్రదర్‌హుడ్‌కు 2010 ఎన్నికల మొదటి విడతలో ఒక్క సీటూ రాకుండా చేసేసరికి, రాబోయే పట్టాభిషేకానికి పందిరి వేస్తున్నారని జనానికి అర్థమైపోయింది.

2011 జనవరి 25న ఉద్యమం మొదలైంది. 28న, శుక్రవారం, కైరోలో పాలక పార్టీ ప్రధాన కార్యాలయం తగలబడింది. పోలీసులు వీధుల్లోంచి మాయమయ్యారు, ట్యాంకులు వచ్చాయి. 29న ముబారక్ ఉపాధ్యక్షుడిగా గూఢచార విభాగం అధిపతి ఒమర్ సులేమాన్‌ను నియమించాడు. ముప్పై ఏళ్లు అడిగినా ఇవ్వనిది అయిదో రోజునే ఇచ్చేశాడంటే చేతిలో పట్టు జారిందని సైన్యానికి అర్థం కాకుండా ఉంటుందా? ఫిబ్రవరి 10న సైనిక అత్యున్నత మండలి సమావేశాన్ని టీవీలో చూపించారు. బల్ల చుట్టూ జనరళ్లున్నారు, సర్వసైన్యాధ్యక్షుడు ముబారక్ మాత్రం లేడు. ఆ మండలి జారీ చేసిన కాగితం పేరు ‘ప్రకటన నంబరు 1’. జరిగిందంతా ఆ ఒక్క దృశ్యంలోనే ఉంది. మర్నాడు సులేమాన్ నిమిషం కూడా పట్టని ప్రకటన చదివాడు. ముబారక్ తప్పుకున్నాడు, దేశ వ్యవహారాలు సైనిక మండలికి అప్పగించాడు.

తహ్రీర్ చౌక్‌లో సంబరాలు మిన్నంటిన ఆ రాత్రి చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అప్పటి రాజ్యాంగం 84వ అధికరణం ప్రకారం అధ్యక్ష పదవి ఖాళీ అయితే బాధ్యత స్పీకర్‌కు వెళ్లాలి, 60 రోజుల్లో కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. సైనిక మండలి ఊసే అందులో లేదు. ఆ పార్లమెంటు మీద జనానికి నమ్మకం లేదన్నది నిజమే. అయినా అధికారం ఏ కాగితం మీదుగా చేతులు మారిందో అడగకుండా వదిలేయడం చాలా ఖరీదైన పొరపాటు. 2013 జులైలో అదే సైన్యం, ఎన్నికైన అధ్యక్షుణ్ణి కూడా దించేసింది.

ట్యునీషియాలో ఆ ప్రశ్న అడిగారు. 2011 జనవరి 14 సాయంత్రం అధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కాక ప్రధాని మహమ్మద్ ఘన్నూషీ టీవీ ముందుకొచ్చాడు. అటూ ఇటూ ఉభయ సభల అధ్యక్షులు నిలబడ్డారు. 56వ అధికరణం కింద తాత్కాలికంగా బాధ్యతలు తీసుకుంటున్నానని చదివాడు. తాత్కాలికం అన్న మాటలోనే కిటుకు ఉంది. అధ్యక్షుడు కొన్నాళ్లు విధులు నిర్వర్తించలేనప్పుడు వాడే అధికరణమది, అంటే బెన్ అలీ తిరిగిరావడానికి తలుపు తీసే ఉంది. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. మర్నాడే రాజ్యాంగ మండలి 57వ అధికరణం కింద పదవి శాశ్వతంగా ఖాళీ అయిందని తేల్చి, స్పీకర్ ఫువాద్ మెబజాను తాత్కాలిక అధ్యక్షుణ్ణి చేసింది. ఒక్క అంకె తేడాతో నియంత మాజీ అయిపోయాడు. ఆ అక్టోబరు 23కల్లా రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. పదేళ్ల తర్వాత 2021లో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేసి అధికారమంతా గుప్పిట్లోకి తీసుకోవడం వేరే విషాదం.

తుపాకులు ఒక్క చేతిలో లేనిచోట కథ ఇంకా దారుణం. తన సైన్యమే తనను దించుతుందన్న భయంతో సూడాన్‌లో అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ ఒకదానికొకటి పోటీగా బలగాలు పెంచాడు. డార్ఫర్ మిలీషియాలను కలిపి 2013లో ఆర్‌ఎస్‌ఎఫ్ (ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే దళంగా నిలబెట్టి మిలీషియా నాయకుడు హెమెద్తీ చేతికిచ్చాడు. 2018 డిసెంబరులో రొట్టె ధర మీద అత్బారాలో మొదలైన ఉద్యమం 2019 ఏప్రిల్ 11న బషీర్‌ను దించింది. ప్రకటన చదివిన జనరల్ ఇబ్న్ ఔఫ్‌ను కూడా జనం ఒక్కరోజులో ఇంటికి పంపారు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆగస్టులో కుదిరిన ఒప్పందం చూడండి: 39 నెలల సంధికాలం, మొదటి 21 నెలలు దేశాన్ని నడిపే మండలి అధ్యక్ష పీఠం సైన్యానికే. ఆ గడువును కూడా మధ్యలో పొడిగించారు. చివరికి పీఠం పౌరులకు అప్పగించాల్సిన వేళ దగ్గరపడుతుండగా, 2021 అక్టోబరు 25న ఆ మండలి అధ్యక్షుడు జనరల్ బుర్హాన్ కుట్ర చేసి అధికారం లాక్కున్నాడు. 2023 ఏప్రిల్ 15 నుంచి బుర్హాన్, హెమెద్తీ బలగాలే ఒకదానిపై ఒకటి పడ్డాయి. కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు. తుపాకులన్నీ ఒకే ఆజ్ఞ కిందికి తెచ్చే తేదీ ఒప్పందంలో ముందు రాయించుకుని, మిగతావి తర్వాత మాట్లాడుకుని ఉండాల్సింది.

వారసత్వ తగాదాలోకి బయటివాడు ఎలా దూరతాడో కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1815లో నవాబు అలిఫ్ ఖాన్ పోగానే కొడుకుల్లో ఒకడైన ముజఫర్ ఖాన్ కోట పట్టుకున్నాడు. పెద్దకొడుకు మునవ్వర్ ఖాన్‌ను గద్దెనెక్కించడానికి కంపెనీ సేన దిగింది. అలా గద్దె ఎవరిదో తేల్చే హక్కు కంపెనీ చేతికి పోయింది. 1839లో, ఆయుధాలు పోగేశాడంటూ అప్పటి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని రాజ్యాన్నే కలిపేసుకుంది. యెమెన్‌లో అధ్యక్షుడు అలీ అబ్దుల్లా సాలే కొడుకు అహ్మద్‌కు రిపబ్లికన్ గార్డ్ అప్పగించి వారసుణ్ణి చేయాలనుకున్నాడు. 2011 నవంబరులో గల్ఫ్ దేశాలు కుదిర్చిన ఒప్పందంతో గద్దె దిగినా, విచారణ నుంచి రక్షణ దక్కించుకుని దేశంలోనే ఉండిపోయాడు. తర్వాత పాత శత్రువులైన హూతీ తిరుగుబాటుదారులతోనే చేతులు కలిపాడు, వాళ్ల చేతుల్లోనే 2017లో చచ్చాడు. 2015లో అక్కడ రాజుకున్న యుద్ధం నుంచి మన ప్రభుత్వం 4,600 మందికి పైగా భారతీయుల్ని తీసుకురావాల్సి వచ్చింది.

అల్జీరియాది మరో రకం. 2013లో పక్షవాతం వచ్చాక అధ్యక్షుడు బూతెఫ్లికా జనం ముందుకు రావడం దాదాపు మానేశాడు. సభల్లో ఆయనకు బదులు ఫ్రేము కట్టిన ఫొటో పెట్టి సన్మానాలు చేసేవారు. అయిదోసారి పోటీ అనేసరికి 2019 ఫిబ్రవరి 22 నుంచి ప్రతి శుక్రవారం వీధులు నిండిపోయాయి. మార్చి 26న సైన్యాధిపతి గాయిద్ సలా, అధ్యక్షుడు పనిచేయలేని స్థితిలో ఉంటే పదవి ఖాళీ చేయించే 102వ అధికరణం వాడాలన్నాడు, ఏప్రిల్ 2న రాజీనామా వచ్చింది. ఎగువ సభ అధ్యక్షుడు బెన్సాలా తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు. కాగితం మీద అంతా సవ్యమే, మనుషులు మాత్రం పాతవాళ్లే. ‘అందరూ పోవాలి’ అని జనం అరిచింది అందుకే. డిసెంబరు 12 ఎన్నికలో అధికారిక లెక్కల ప్రకారమే పోలింగు 40 శాతం దాటలేదు. గెలిచిన తెబ్బూన్, బూతెఫ్లికా హయాంలో ప్రధానిగా పనిచేసిన మనిషే.