కాలక్రమేణా

అన్నం పెట్టే ముందు చరిత్ర చదివించే హోటళ్లంటే నాకు మొదటినుంచీ గౌరవమే. ఆకలి మీద ఉన్నవాడు దేన్నయినా నమ్ముతాడని వాళ్లకు తెలుసు.

మా బావమరిది డల్లాస్ నుంచి వచ్చాడు. పాత కరీంనగర్ జిల్లాలో ఒక దొర గడిని, అంటే కోటలాంటి ఇంటిని, బాగుచేసి పెద్ద రెస్టారెంటు పెట్టారని, తొమ్మిది కోర్సుల భోజనమని, రెండు వారాల ముందు బుక్ చేస్తే గానీ టేబుల్ దొరకదని వాడికి అక్కడే తెలిసిపోయింది. ఆ గడికి నాలుగు కిలోమీటర్ల దూరంలో పుట్టిన నాకు తెలియలేదు. నన్నూ మా పెద్దబాపునూ కారెక్కించాడు. పెద్దబాపు అంటే పెదనాన్న, డెబ్బై రెండేళ్లు. "గడికా? తిననీకా?" అని రెండుసార్లు అడిగి, కొత్త చెప్పులు తొడుక్కుని వచ్చాడు.

మెనూ తోలు అట్టతో పెళ్లి ఆల్బమంత ఉంది. మొదటి పేజీ నిండా చరిత్రే. దొరవారు ఈ గడిని ఎంతో మక్కువతో కట్టించారట. దూలాలు బర్మా టేకు, గోడలు డంగు సున్నం. దొరవారు కళాపోషకులు, అన్నదాతలు. గుర్రాలంటే ప్రాణం. గుర్రాల పేర్లు కూడా వేశారు. ఆ తర్వాత ఈ వాక్యం:

"కాలక్రమేణా గడి నిర్మానుష్యమైంది."

దాని కింద ఒక తీగ బొమ్మ, ఆ వెంటనే "నేడు మీ కోసం మళ్లీ తలుపులు తెరిచింది."

తెలుగులో ఇంత పనికొచ్చే మాట ఇంకోటి లేదు. పాలు తోడుకున్నట్టు, గోడకు నాచు పట్టినట్టు, గడికి నిర్మానుష్యం పట్టింది. చేసినవాడు లేడు, చేయించినవాడు లేడు. దొరవారు ఒకరోజు పొద్దున్నే లేచి, వక్క నములుతూ ఆకాశం వైపు చూసి "కాలక్రమం మొదలైనట్టుంది, సామాన్లు కట్టండి" అన్నారు కాబోలు. గుర్రాలు కూడా కాలక్రమేణానే వెళ్లి ఉంటాయి.

మేనేజరును అడిగితే, ఇంగ్లండులోని పల్లెటూరి మేనర్ హౌస్‌లను చూసి ఈ ఆలోచన చేశామన్నాడు. మంచిదే. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో గ్రేట్ మిల్టన్ అనే ఊళ్లో రేమండ్ బ్లాంక్ అనే ఫ్రెంచి వంటాయన 1984లో ఒక పాత మేనర్‌ను రెస్టారెంటు చేసి గొప్ప వంటకిచ్చే మిషెలిన్ స్టార్లు రెండు తెచ్చుకున్నాడు. అయితే అక్కడి ప్రభువుల ఇళ్లు చేతులు మారడం వెనక పెద్ద కారణం పన్ను. 1894లో సర్కారు చచ్చిపోయినవాళ్ల ఆస్తి మీద పన్ను వేసింది, తర్వాత పెంచుకుంటూ పోయింది. వారసులు కట్టలేక కొన్ని అమ్ముకున్నారు, వందల ఇళ్లు కూలగొట్టారు. అక్కడ దీన్ని దాచుకోరు. కట్టలేకపోయాం, అమ్ముకున్నాం అంటారు. మన దొరలు పన్ను కట్టలేక పోయినవాళ్లు కాదు. పన్ను వేసినవాళ్లు. దండుగ పేరుతో జరిమానాలు కూడా.

గల్మ, అంటే గుమ్మం, దగ్గరే మొదటి గొడవ. నేల పాతది, గీతలు పడతాయి, చెప్పులు విడవాలన్నారు. బావమరిది బూట్లు విప్పేశాడు, నేనూ విప్పాను. పెద్దబాపు నిలబడే ఉన్నాడు.

"ఇదే గల్మల పదిహేనేండ్లు ఇడిశిన. ఇగ ఇడువ."

మేనేజరుకు అర్థం కాలేదు. మోకాళ్ల నొప్పి అనుకుని, ప్లాస్టిక్ తొడుగులు తెప్పించి ఆ కొత్త చెప్పుల మీదే తొడిగించాడు. వంగి తొడిగినవాడు మేనేజరే కాబట్టి పెద్దబాపు అభ్యంతరం చెప్పలేదు.

మాకు వడ్డించడానికి వచ్చిన కుర్రాడు నెత్తికి రుమాలు చుట్టుకున్నాడు, భుజాన గొంగడి వేసుకున్నాడు, చెవిలో వైరు పెట్టుకున్నాడు. నడుము వంచి "దండాలు దొరా" అన్నాడు. ట్రైనింగు ఇచ్చారట. "నీ బాంచెన్, కాల్మొక్త" అనేది శని, ఆదివారాల్లో ఉంటుందేమో, మేం వెళ్లింది మంగళవారం. "దొరా, అంబలి" అని దగ్గు మందు కొలిచే గ్లాసంత గ్లాసు పెట్టాడు. "దొరా, సర్వపిండి." పది రూపాయల బిళ్లంత ముక్క, పైన రెండు మొలకలు, వాటి తలకాయల మీద ఒక్కో నువ్వు గింజ. "దొరా, నోరు శుభ్రం చేసుకోవడానికి చింతపులుసు ఐసు." ఇంకా ఏమీ తినని నోరు ఎందుకు శుభ్రం చేసుకోవాలో అర్థం కాలేదు.

ఆ తర్వాత పెద్ద పళ్లెంలో మధ్యన, గుంటలో నీళ్లంత, జొన్న గటక. దాని పేరు రిసోటో, ధర 750 రూపాయలు. అందరికంటే ఎక్కువగా కదిలింది బావమరిదే. "బావా, ఇది మన రూట్స్" అన్నాడు. నిజమే. ఈ గడిలో దొర వరి అన్నం తినేవాడు, జీతగాళ్లు గటక తాగేవాళ్లు. డబ్బులు కట్టి లోపలికొచ్చి గటక తాగడం మాత్రం మా తరంలోనే సాధ్యమైంది.

నాలుగోసారి "దొరా" అన్నప్పుడు పెద్దబాపు స్పూను కింద పెట్టాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

పక్క ఊరే. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుతున్నాడు. జీతం పన్నెండు వేలు.

"నన్ను దొర అనకు. తాతా అను."

కుర్రాడు తల ఎత్తకుండా కళ్లు మాత్రం పైకి తిప్పి, దూలం వైపు చూపించాడు. "కెమెరా ఉంది తాతా. మాటలు కూడ ఇనవడ్తయ్."

అక్కణ్నుంచి భోజనం అయిపోయేదాకా కెమెరా కోసం గట్టిగా "దొరా", ప్లేటు పెట్టేటప్పుడు మెల్లగా "తాతా" అంటూనే ఉన్నాడు. "దొరా, పచ్చిపులుసు... వేడిగ లేదు తాతా, తాగు." ఒకే వాక్యంలో భూస్వామ్యం, ప్రజాస్వామ్యం రెండూ వడ్డించగలిగిన వెయిటర్‌ను నేను ఇంకెక్కడా చూడలేదు.

మెనూలో "దొరవారి ఇంటి పొట్టేలు" అని ఒకటుంది. 1,850 రూపాయలు. చరిత్ర మీద అంత శ్రద్ధ ఉన్నప్పుడు పక్కనే అప్పటి ధర కూడా వేయాల్సింది: సున్నా. పండగొచ్చినా పబ్బమొచ్చినా గొల్లలు గొర్రెను తోలుకొచ్చి ఇచ్చేవాళ్లు. గౌండ్లు కల్లు పోసేవాళ్లు, కుమ్మరి కుండలిచ్చేవాడు, సాలెవాళ్లు బట్టలు నేసిచ్చేవాళ్లు, మాదిగలు చెప్పులు కుట్టేవాళ్లు, చాకలి బట్టలుతికేది, మంగలి రాత్రిపూట కాళ్లు పిసికేవాడు. పైసా లేదు. దీన్ని వెట్టి అంటారు. దొర బిడ్డ పెళ్లయితే అత్తారింటికి బిందెలు, మంచాలతో పాటు ఆడపిల్లల్ని కూడా పంపేవాళ్లు. ఆడబాపలనేవాళ్లు వాళ్లను. గుర్రాల పేర్లున్న పేజీలో వాళ్లలో ఒక్కతె పేరు లేదు.

మా టేబుల్ పైన పాత గుడ్డ పంకా వేలాడుతోంది. ఇప్పుడు మోటారుతో ఊగుతుంది. దాని తాడు బయటికి పోవడానికి గోడకు పిడికిలంత కన్నం ఉంది. అటు పక్క వసారాలో కూర్చుని లాగేవాడు లోపలివాళ్లకు కనపడకూడదు, లోపలి మాటలు వాడికి వినపడకూడదు. ఆ కన్నంలోంచి ఇప్పుడు ఏసీ పైపు పోతోంది. పంకా కింద ఇత్తడి పలక మీద ఏ కర్రతో చేశారో రాశారు. ఎవరు లాగారో రాయలేదు.

కాలక్రమేణానట! 1946 జూలై 4న కడవెండిలో జనం ఊరేగింపుగా వస్తుంటే విసునూరు దొర దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమురయ్య అక్కడే పడిపోయాడు. అది కాలక్రమమా? పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించుకున్న వడ్లను ఆ దొర మనుషులే ఎత్తుకుపోవాలని వస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లతో కలిసి తన పంటను తనింటికే చేర్చుకుంది. నలభై వేల ఎకరాలున్నవాడి మీద ఆ గెలుపు కాలక్రమమా? ఊళ్లు వదిలి పారిపోయిన దొరలు 1948లో భారత సైన్యం వచ్చాక ఖాదీ టోపీలు పెట్టుకుని మళ్లీ దిగారు. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టమొచ్చింది. గడిలో ఎవడూ చదవలేదు. 1978 సెప్టెంబర్ 7న వేల మంది కూలీలు జగిత్యాలలో కదం తొక్కారు. మంగలి గడ్డం గీయడం మానేశాడు, చాకలి మూట ముట్టుకోలేదు, జీతగాడు పశువుల్ని విప్పలేదు. నెల తిరిగిందో లేదో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. జైళ్లకు పోయినవాళ్లున్నారు, మళ్లీ ఇంటికి రానివాళ్లున్నారు. వాళ్లందరినీ ఒక్క మాట కింద పూడ్చి, పైన తీగ బొమ్మ వేస్తారా? నిర్మానుష్యమైంది అంటే ఊరికే ఖాళీ అయిందని కాదు. బట్టలుతికేవాళ్లు, కాళ్లు పిసికేవాళ్లు ఇక చేయం అన్నారు. చేసేవాళ్లు లేని గడిలో దొర రెండు రోజులు కూడా బతకలేడు.

సరే, బిల్లు వచ్చింది. చివర్న పది శాతం సర్వీస్ చార్జి. ఇది బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది 2022 జూలై 4న. తేదీ చూడండి. మేనేజరుకు అదే చెప్పాను. "ఇష్టమైతేనే సార్. కానీ అందరూ ఇస్తారు" అన్నాడు. అందరూ ఇష్టంగా ఇచ్చేదాన్ని ఈ ఇంట్లో పాతకాలంలో మామూలు అనేవాళ్లు. బావమరిది అమెరికా కార్డు గీశాడు. "దొరా, కార్డు పడట్లేదు. ఫోన్‌పే ఉందా దొరా?" అన్నాడు కుర్రాడు. ఉంది, నా ఫోనులో.

పోయేటప్పుడు మాకు తలా ఒక అభిప్రాయ పత్రం ఇచ్చారు. బావమరిది అయిదు చుక్కలు నింపాడు. పెద్దబాపు కళ్లజోడు పెట్టుకుని, పెన్ను అడిగి తీసుకుని, నింపాదిగా రాశాడు. కారెక్కేముందు తొంగిచూశాను.

ఇంతకుముందు ఇక్కడికి వచ్చారా? వచ్చిన.

ఎప్పుడు? 1978.

ఏ సందర్భంలో? మా బాపు కట్టిన దండుగ వాపసు తీసుకపోనీకి.

మళ్లీ వస్తారా? అవసరం పడితే.