మాది కాదండీ, పక్క సీటు వారిది

రవీంద్రభారతిలో రోజూ ఎవరో ఒకరికి శాలువా కప్పుతూనే ఉన్నాం. కంప్యూటరును నడిపే లినక్స్ సాఫ్ట్‌వేరుకు గుండెకాయైన లినక్స్ కెర్నల్‌కు మాత్రం ఈ నగరం ఇంతవరకు పూలదండ కూడా వేయలేదు. ఇది అన్యాయం.

సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో ఏరి కూర్చిన పాత పీసీని తీసుకోండి. ఐఆర్‌క్యూ లైన్లు, అంటే పరికరాలు 'నా సంగతి చూడండి' అని ప్రాసెసరును పిలిచే గంట తీగలు, మొత్తం 16. టైమరుకు 0, కీబోర్డుకు 1, పుట్టుకతోనే రిజర్వు. ఈ లైన్లను చూసే చిప్పులు రెండు; 2వది ఆ రెండో చిప్పును తగిలించడానికే సరి. మిగతావాటి కోసం పాతకాలపు ఐఎస్ఏ స్లాట్ల కార్డులు కొట్టుకుచచ్చేవి. తర్వాతి తరం స్లాటు పీసీఐ వచ్చి, ఒక లైనును నలుగురూ పంచుకోవచ్చంది. అక్కడే పరిపాలన మొదలైంది.

లైను మోగగానే కెర్నల్ దాని మీదున్న డ్రైవర్లను, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రాములను, వరసగా అడుగుతుంది: ఇది మీదేనా? నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ తన రిజిస్టరు చూసుకుని మాది కాదండీ అంటుంది. యూఎస్‌బీ డ్రైవరూ అదే మాట. లైను మోగుతూనే ఉంటుంది. ఇంతవరకు మన ఆఫీసులకు కొత్తేమీ లేదు.

కొత్తదనం తర్వాత ఉంది. లక్ష పిలుపుల్లో 99,900కు మించి ఎవరూ నాదనకపోతే, 'ఎవరూ పట్టించుకోలేదు' అని కెర్నల్ తన చిట్టాలో (లాగ్‌లో) రాసి, కింద ఆ లైను మీదున్న హ్యాండ్లర్ల (పిలుపుకు జవాబిచ్చే డ్రైవర్ భాగాల) జాబితా వేసి, లైను మూసేస్తుంది. ఇంత నిజాయితీగల ప్రకటన గేటుకు అంటించే ఆఫీసు మన ఊళ్లో ఒక్కటి చూపించండి.

ఆ దెబ్బకు అదే లైను మీద బుద్ధిగా పనిచేసుకుంటున్న నెట్‌వర్క్ కార్డు కూడా చతికిలబడుతుంది. అసలు దోషి తరచుగా డ్రైవరే లేని ఏదో పరికరం, లేదా లైన్లు తప్పుగా చెప్పిన బయాస్ (పీసీని మొదట లేపే, బోర్డులోని ప్రోగ్రాం). కాబట్టి జాబితాలో దాని పేరే ఉండదు. విచారణ కమిషన్లను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

చికిత్సలూ మనకు తెలిసినవే. లినక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డరు కింద ఇంటరప్ట్స్ ఫైలు తెరిచి ఏ లైను మీద ఎవరున్నారో చూడాలి. కార్డును వేరే స్లాటుకు బదిలీ చేయాలి. వాడని సీరియల్ పోర్టు పోస్టును బయాస్‌లో రద్దు చేయాలి. ఏదీ పనిచేయకపోతే కెర్నల్‌ను లేపేటప్పుడు ఇచ్చే ఆదేశాల వరసలో (బూట్ లైనులో) 'ఐఆర్‌క్యూపోల్' అని రాస్తే, దిక్కులేని పిలుపు వచ్చినప్పుడల్లా కెర్నల్ మిగతా లైన్లవాళ్లను కూడా లేపి అడుగుతుంది. వేగం తగ్గుతుంది; తగ్గదా మరి.

ఇప్పుడొక ప్రమాదం వచ్చిపడింది. పీసీఐ తర్వాతి తరమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు లైను జోలికే పోకుండా ఎంఎస్‌ఐ అనే పద్ధతిలో నేరుగా సందేశం రాసేస్తున్నాయి. దాని కొత్త రూపం ఎంఎస్‌ఐ-ఎక్స్‌లోనైతే ఒక్కో పరికరానికి 2048 దాకా సొంత నంబర్లు. ఎవరి నంబరు వారిదైతే పక్క సీటువైపు వేలు చూపించే హక్కు ఏమైనట్టు? ఉద్యోగ సంఘాలు ఇంకా మేల్కొన్నట్టు లేదు.